మాల్సున్ కుడిచేతి కట్టు

కొరియా వాళ్లు పోయిన పెద్దల్ని ఇంటికి పిలిచే చూసొక్ పండుగకు నాలుగు రోజుల ముందు మాల్సున్ కుడిచెయ్యి విరిగింది. విరిగింది అంటే, నాటకాల వాళ్లకు సామాను అమ్మే కొట్లో కొనుక్కొచ్చింది. తెల్లటి సిమెంటు కట్టు. కిందివైపు పట్టీ లాగితే అరటితొక్కలా ఊడి వస్తుంది.

కొట్టువాడు ఎందుకని అడగలేదు. "పెద్దకోడలా, చిన్నకోడలా?" అని మాత్రం అడిగాడు. పెద్దకోడలంటే మోచెయ్యి దాకా వచ్చేది తీసిచ్చాడు.

ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆ ఇంట్లో పండుగ అట్లు వేసేది ఆవిడే. చేప అట్లు, గుమ్మడి అట్లు, పుల్లలకు గుచ్చిన మాంసం అట్లు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి జుట్టు కూడా నూనె వాసన వేసేది. పండుగ నెల రాగానే గుండెల్లో మంట, మెడ పట్టెయ్యడం. వైద్యుడు నాడి పట్టుకుని చూసి, విశ్రాంతి కావాలని కషాయం ఇచ్చాడు. అది రోజుకు మూడుసార్లు కాచుకోవడం ఇంకో పని. ఈ ఒక్క పండుగా కూర్చుని గడపాలని ఆవిడ కోరిక. బంగారమేమీ అడగలేదు.

అత్తగారు బున్‌రేకి ఎనభై రెండేళ్లు. కట్టుని చాలాసేపు చూసింది.

"ఎలా పడ్డావే?"

"స్నానాల గదిలో జారాను, అత్తయ్యా."

"చెయ్యి ఒక్కటేనా?"

"ఒక్కటే."

"పాపం," అంది ముసలావిడ. ఆ పాపం ఎవరి గురించో తేలలేదు.

కాబట్టి ఈసారి అట్లు మొగుడు దొక్‌పే వేశాడు. ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి. మాల్సున్ వంటింటి గుమ్మంలో దిండు వేసుకుని కూర్చుంది.

"ఏమే, దీన్ని తిప్పాలా?"

"తిప్పండి."

"తిప్పితే విరిగిపోయిందే!"

"అదీ విరిగిందా?" అంది అత్తగారు లోపలి గదిలోంచి.

మాల్సున్ నోరు మూసుకుంది. ఆ రోజు ఆవిడ పడ్డ కష్టాల్లో అదే పెద్దది.

పండుగ ఉదయం పోయిన పెద్దలకు నైవేద్యాల బల్ల పరిచారు. వెనక మామగారి ఫోటో, ఎర్రపళ్లు తూర్పున, తెల్లవి పడమర, మధ్యలో చేప. కొడుకులూ మనవలూ వరసగా నిలబడి మొక్కబోతున్నారు. అంతలో దొక్‌పే ఇంకో పళ్లెం తెచ్చాడు.

"నాన్నకి ఇష్టమని నేనే ఏరి తెచ్చాను."

పీచ్ పళ్లు. తొమ్మిది. ఒక్కొక్కటీ చంటిపిల్ల బుగ్గలా ఉంది.

దెయ్యాల్ని పీచ్ కొమ్మతో కొట్టి తరిమే ఊరు అది. పోయినవాళ్లు వచ్చి కూర్చునే బల్ల మీద ఆ పండు పెడితే వాళ్లు గడప తొక్కరని ఏ కోడల్ని అడిగినా చెబుతుంది. మగవాళ్లు బల్లకి మొక్కుతారుగాని, బల్ల మీద ఏముందో చూసేవాళ్లు తక్కువ.

"అయ్యో, మావయ్య వీధిలోనే నిలబడిపోతారండీ!" మాల్సున్ ఒక్క గెంతున లేచి రెండు చేతులా పళ్లెం లాక్కుంది. కట్టు ఊడి చేప మీద పడింది.

విరిగిన చెయ్యి తొమ్మిది పళ్ల బరువు మోస్తూ అలాగే ఉంది. మరిది గొంతు సవరించుకున్నాడు.

అత్తగారు లేచి కట్టుని తీసి, పావడా అంచుతో తుడిచింది.

"మీ నాన్న మహిమ," అంది కొడుకులతో. "గుమ్మంలో అడుగు పెట్టారో లేదో, కోడలి ఎముక అతికించారు."

పోయిన మనిషి ఫోటో ఎదురుగా కాదని ఎవరంటారు?

"కానీ లేత అతుకు," అంటూ ముసలావిడ కట్టు మళ్లీ కోడలి చేతికి తొడిగి పట్టీ బిగించింది. "నెల దాకా నీళ్లలో పెట్టకూడదు. దొక్‌పే, మొక్కడం అయ్యాక గిన్నెలు నువ్వూ నీ తమ్ముడూ."

"అమ్మా, ఆ చెయ్యి బాగానే..."

"నువ్వు డాక్టరువట్రా? బస్సు తోలావు."

మధ్యాహ్నం వంటింట్లో గిన్నెల మోత వింటూ అత్తాకోడళ్లు అరుగు మీద కూర్చుని పీచ్ పళ్లు తిన్నారు. నాలుగో పండు దగ్గర అత్తగారు గొంతు తగ్గించింది.

"ఇది కొన్న కొట్లో నడుముకి వేసేది కూడా అమ్ముతాడటే?"