రెండంతస్తుల కేకు

పిల్లవాడు దుబాయ్‌లో కేక్ మాస్టర్ అని చెప్పి, గాంధారి ఊరి రఫియాకు ఎల్లారెడ్డి ఊరి కలీమ్‌తో పెళ్లి చేశారు. పెళ్లయిన నెలకే అతను మళ్లీ విమానమెక్కాడు. ఫోన్ చేసినప్పుడల్లా హోటల్లో తాను చేసే కేకుల ముచ్చట్లే. వాటి మీద క్రీమ్ ఉండదట. చక్కెర పొడిని పిండిలా పిసికి, చపాతీలా ఒత్తి, కేకు మీద దుప్పటిలా కప్పుతారట. దాన్ని ఫాండెంట్ అంటారట. రఫియా ఆ మాటను పొయ్యి దగ్గర తనలో తాను అనుకుంటూ ఉండేది.

2012లో కలీమ్ తిరిగొచ్చి ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చిన్న బేకరీ పెట్టాడు. బన్నులు, పఫ్‌లు, మామూలు క్రీమ్ కేకులు. బేరం బాగానే సాగింది. దుబాయ్ మాస్టర్ అని ఊళ్లో పేరు కూడా వచ్చింది.

ఆ చలికాలం కలీమ్ అన్న ఫరీద్ కూతురికి ఏడాది నిండబోతోంది. ఫరీద్‌కు కామారెడ్డిలో బట్టల దుకాణం. పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు మాట్లాడి, బేకరీకి వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు.

"ఇన్నేండ్లు చెవులు చిల్లులు పడేటట్టు చెప్తివి. గా దుబాయ్ కేకు మాకు గూడ చూపెట్టు. రెండంతస్తులది కావాలె."

"గదెంత పని భాయ్" అన్నాడు కలీమ్.

కానీ రోజు దగ్గరపడుతున్నా అతను పని మొదలుపెట్టలేదు. సామాను దొరకలేదని ఒకసారి, ఓవెన్ బాగాలేదని ఒకసారి. చివరికి రఫియా గట్టిగా అడిగితే, మైదా బస్తా మీద కూర్చుని తలవంచుకున్నాడు.

"నేను ఎన్నడు చెయ్యలే రఫియా. ట్రేలు కడిగిన. వాళ్లు చేస్తుంటే చూసిన, గంతే."

రఫియాకు కోపం రాలేదు. అన్నేళ్లు విన్న మాటలన్నీ ఒక్కసారి చల్లారిపోయినట్టు మాత్రం అనిపించింది. అతని ఎదురుగా కూర్చుని అంది, "చూసిండ్రు గద. ఏం చూసిండ్రో చెప్పుండ్రి. నేను చేస్త."

అతను గుర్తున్నంత చెప్పాడు. చక్కెర పొడి, గ్లూకోజ్, గ్లిజరిన్, జిలాటిన్. జిలాటిన్ అంటే ఎముకల నుంచి తీసేదని తెలిసి రఫియా వద్దంది. ఏ జంతువుదో ఎవరికి తెలుసు? రంజాన్‌లో పాలతో కాచి గడ్డ కట్టించే చైనాగ్రాస్ ఇంట్లో ఉంది. సముద్రపు నాచుతో చేసేది. దాన్నే నీళ్లలో కరిగించి పోసింది.

మొదటిసారి ముద్ద పాత గోడ సున్నంలా పెళ్లలుగా ఊడింది. రెండోసారి బంకలా చేతులకు అంటుకుని వదల్లేదు. మెడికల్ షాపు నుంచి ఇంకో సీసా గ్లిజరిన్ తెప్పించి, అరచేతులకు డాల్డా రాసుకుని మళ్లీ పిసికింది. ఈసారి ముద్ద చెవి తమ్మెలా మెత్తగా వచ్చింది. చపాతీ కర్రతో ఒత్తి, రెండు చేతుల మీద ఎత్తి, తాను కాల్చి ఉంచిన రెండంతస్తుల కేకు మీద పరిచింది. అంచుల్లో లంగా కుచ్చుల్లా ముడతలు పడ్డాయి. ఒక్కో ముడతనూ పైకి లేపి, అరచేత్తో కిందికి నిమిరి సర్దింది. మిగిలిన ముద్దలో రంగు కలిపి, బొటనవేలితో రేకులు పల్చగా నొక్కి గులాబీలు చుట్టింది. మొదటి గులాబీ క్యాబేజీలా వచ్చింది. ఆఖరిది చూసి కలీమ్ నోరు తెరిచాడు. తన వేళ్లకు ఇంత నేర్పు ఉందని రఫియాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో ఎవరూ లేనట్టు పైకే నవ్వింది.

ఆటోలో కేకును ఒళ్లో పట్టుకుని లింగంపేట మీదుగా కామారెడ్డి చేరేసరికి ఆమె కాళ్లు తిమ్మిరెక్కాయి. హాల్లో అందరూ చుట్టూ మూగారు. పిల్లలు గులాబీలను ముట్టి చూశారు.

"చక్కెర బట్ట లెక్క ఎట్లయింది రా?" అని అడిగాడు యాకూబు మామూ. అతను ఇంటికి పెద్ద. అతని మాట ఎవరూ దాటరు.

కలీమ్ కాలరు సర్దుకున్నాడు. "జిలాటిన్ వేస్తం మామూ. దుబాయ్ పద్ధతి. నేనే చేసిన."

అప్పటికే ఫరీద్ భార్య ముబష్షిరా కేకు అంచు తుంచి, బిడ్డకు కాస్త నాకించి, తానూ నోట్లో వేసుకుని చప్పరిస్తోంది. ఆమె ఆగింది.

"జిలాటినా? గది పంది ఎముకలతోని గూడ చేస్తరంట గద?"

యాకూబు మామూ కేకు కోసం అందుకున్న ప్లేటు కింద పెట్టాడు. "ఏడ కొన్నవ్ రా? ఏ జంతువుదో ఎరుకనా?"

రఫియా ముందుకు వచ్చింది. "జిలాటిన్ గాదు మామూ. చైనాగ్రాస్. నేను వేసిన. కేకు మొత్తం నేనే చేసిన."

ఫరీద్ పకపకా నవ్వాడు. "ఏంరా, చేసింది నీ పెండ్లామా? మరి నువ్వు దుబాయ్‌ల ఏం చేసినవ్, గిన్నెలు కడిగినవా?"

అందరూ నవ్వారు. కలీమ్ ముఖం నల్లబడింది. రఫియా అతని కళ్లలోకే చూస్తోంది. ఆమె చెప్పింది నిజమని అతను ఒక్క మాట అంటే చాలు.

"దానికేం తెలుసు?" అన్నాడు కలీమ్. "పొయ్యి కాడ కూసునేది. చేసింది నేను. వేసింది జిలాటినే."

"అనుమానం ఉన్నది పిల్లలకెట్ల పెడ్తం? తీసెయ్యుండ్రి" అన్నాడు యాకూబు మామూ.

ముబష్షిరా బిడ్డ నోటిని తువ్వాలుతో ఎర్రబడేదాకా తుడిచింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. హాలు పనివాళ్లు కేకును వెనకాల చెత్తకుప్పలో పడేశారు. అక్కడ తిరిగే పందులు గులాబీలను తింటుంటే పిల్లలు కిటికీలెక్కి కేకలు పెట్టారు: "పంది కేకును పందులే తింటున్నయ్!"

రఫియా ఆ కేకలు వింటూ హాల్లోనే కూర్చుంది. బయటికి వెళ్లే దారి కూడా ఆ కిటికీల పక్కనుంచే.

పంది కేకు అన్న పేరు వాళ్లకన్నా ముందే ఎల్లారెడ్డి చేరింది. బన్ను కొనేవాళ్లు కూడా తగ్గారు. ఎండాకాలం రాకముందే బేకరీ మూతపడింది. కలీమ్ మళ్లీ దుబాయ్ వెళ్లాడు. వెళ్లేటప్పుడు బస్టాండులో అన్నాడు, "అప్పుడు నిజం చెప్తే నా మొకం ఏమయితుండె?"

"మరి నా మొకం?" అంది రఫియా. బస్సు వచ్చింది. అతను ఎక్కాడు.

మరుసటి ఏడాది చలికాలంలో ముబష్షిరా ఫోన్ చేసింది.

"బిడ్డ పుట్టినరోజు వస్తున్నది. గసొంటి కేకే చేసియ్యి. నువ్వు చేసినవని చెప్పం గని, హైదరాబాద్ నుంచి తెప్పించినమంటం."

"పంది కేకు గద భాభీ?"

"చైనాగ్రాస్ అని నోట్ల వేసుకోంగనే తెల్సింది. ఏటా రంజాన్ల పాలతోని నేను గూడ కాస్త, నాకు తెల్వదా? నీ మొగడు కోతలు బాగ కోస్తుండె. జర బుద్ధి రావాలని గట్లన్న. గంత దూరం పోతదనుకోలే."

రఫియా మెల్లగా అంది, "యాకూబు మామూ ముందు, అందరి ముందు ఇదే మాట చెప్పుండ్రి. కేకు చేస్త."

అవతల ఫోన్ కట్టయింది.

పుట్టినరోజుకు కామారెడ్డిలోనే ఏదో బేకరీలో క్రీమ్ కేకు తెచ్చారట. రఫియాను పిలవలేదు.