మూడో రంగం రాసుకోలేదు

మా ప్రాంప్టర్ మాస్టారు మొన్న మంగళవారం పొద్దున ఆసుపత్రిలో పోయారు. ఏ పేపర్లోనూ రాలేదు. నటుడు పోతే ఫొటో వేస్తారు. తెర పక్కన నిలబడి ఆ నటుడికి మాట అందించినవాడి ఫొటో ఎవరి దగ్గరుంటుంది?

నేను ఆటోనగర్‌లో వెల్డర్ని. పదో తరగతి తప్పాను. సాయంత్రాలు రిహార్సల్ గది బయట నిలబడి చూస్తుంటే, "ఏరా, నిన్ను గుమ్మానికి వెల్డింగ్ చేశారా? లోపలికి రా" అన్నారు మాస్టారు. చదువూ, నాటకం ఆడించడమూ నాకు ఆ గదిలోనే వచ్చాయి. ఎవరైనా గొంతు చించుకుంటే, "మైకుందండీ, కృష్ణ అవతలి ఒడ్డుకి వినపడక్కర్లేదు" అనేవారు. ఎవరికీ కనపడని మనిషికి రోజూ ఇస్త్రీ చొక్కా ఎందుకని అడిగాను. "తెర ముందే లేచిందనుకో, బనీనుతో దొరకమంటావా?"

ఈ ఏడాది యువ దర్శకుల పురస్కారం నాకొచ్చింది. నచ్చిన నాటకం ఎంచుకుంటే హాలు, లైట్లు, ఖర్చులు వాళ్లే చూస్తారు. నేను ఎంచుకున్నది చల్లపల్లి వైపు రైసుమిల్లు కూలీ ఒకాయన రాసింది. అచ్చు కాలేదు. ఆయన లేరు, కాగితాలు వరదలో పోయాయి. ఒకప్పుడు దానికి మాట అందించిన మాస్టారి నోట్లోనే మూడు రంగాలూ మిగిలాయి. ఫోన్లో రికార్డు చేస్తానంటే ఒప్పుకోలేదు. "చేత్తో రాయి, నీకూ వస్తుంది" అన్నారు. ఒక్కో ముక్క చెప్పి, ఆగి, నేను అందుకున్నానా అని నా మొహంలోకి చూసేవారు; అలా రెండు రంగాలు రాసుకున్నాను. మూడోదానికి రమ్మన్న ఆదివారం, ఒళ్లు నొప్పులని, "వచ్చే వారం వస్తానండీ" అన్నాను. "సరే పడుకో, నేనెక్కడికి పోతాను?" అన్నారు.

పురస్కారం వాళ్లకు ఫోన్ చేశాను. "అయ్యో పాపం. వేరే నాటకం చూసుకోండి, బోలెడున్నాయి కదా" అన్నారు. నచ్చిన నాటకం అని రాసింది మీరే కదండీ అని అరిచాను. సగం నాటకం కుదరదన్నారు. వాళ్ల మీద అరిచి ఏం లాభం? ఆ ఆదివారం పడుకున్నది నేను. మిగతాది నువ్వే కల్పించి రాసెయ్ అంటున్నారు స్నేహితులు. రాయను. మూడో రంగంలో, మిల్లు తలుపులు మూసేశాక లోపల చిక్కుకున్న కూలీలు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. మాస్టారికి తెలుసు.

నిన్న కొండపల్లిలో మాస్టారింటికి వెళ్లాను. చివర్లో ఏమన్నా చెప్పారా అని వాళ్లావిడని అడిగాను.

"జ్వరం కదా బాబూ, ఏదో గొణుగుతానే ఉన్నారు. తలుపంటారు, బస్తాలంటారు. ఒక్కో ముక్క అని, ఆగి, నా మొహంలోకి చూసేవారు. దాహమేమోనని చెంచాతో నీళ్లు పోశాను. మింగేవారు. మళ్లీ ఇంకో ముక్క అనేవారు."