కామేశు గృహప్రవేశానికి నా మెయిలింగ్ లిస్టు

మొన్న ఆదివారం ఏటైందో వింటే మీరు నా పక్కన కూర్చుని టీ తాగరు. అయినా చెప్పీస్తాను. ఎలాగూ సగం శ్రీకాకుళానికి తెలిసిపోనాది. మిగతా సగానికి నా నోటితోనే తెలిస్తే కొంచెమైనా పరువు మిగుల్తాది. నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను, ముందే చెప్తన్నాను!

నాను కాలేజీలో కంప్యూటర్లు చెప్తానని తెలుసు కదా. ఆ పొగరుతోనే ఆర్నెల్ల కిందట మా డిగ్రీ బ్యాచ్‌కి ఒక మెయిలింగ్ లిస్టు పెట్టాను. ఒక్క అడ్రస్‌కి మెయిల్ కొడితే చాలు, యాభై ముగ్గురికీ ఒకేసారి వెళ్ళిపోతాది. అందరూ "అబ్బ, నువ్వు లేకపోతే మనమంతా ఎక్కడ కలిసేవాళ్ళం!" అన్నారు. నాను కాలరు సర్దుకున్నాను.

అంతా బాగానే ఉన్నాది, ఒక్క అప్పలరాజు తప్ప. వాడు విజయనగరంలో ఉంటాడు. పొద్దున్న లేస్తే గులాబీ బొమ్మ, దాని మీద శుభోదయం. పది గంటలకి ఒక జోకు. మధ్యాహ్నం "ఇది పదిమందికి పంపకపోతే కష్టాలు తప్పవు". బ్యాంకులో పనిచేసే మావాడొకడు ఫోన్ చేసి, "ఒరే ఈశ్వరూ, కస్టమర్ ఎదురుగా మెయిల్ తెరిస్తే గులాబీలు రా బాబూ! ఏదో ఒకటి చెయ్యి" అని మొత్తుకున్నాడు.

చేశాను. చెయ్యకపోయినా బాగుండేది! అప్పలరాజు మెయిల్స్ మాత్రం నాను చూసి 'అప్రూవ్' నొక్కితేనే లిస్టులోకి వెళ్ళేలా పెడదామనుకున్నాను. వాడి పేరు పక్కన టిక్కు పెడితే సరిపోతాది. నానేటి చేశాను? పైన 'అందరికీ' అని ఉన్న డబ్బాలో పెట్టీసాను. పైగా, అప్రూవ్ చెయ్యమనే కబుర్లు వచ్చేందుకని ముందు 'అడ్మిన్' అని తగిలించి ఒక కొత్త మెయిల్ ఐడీ చేశాను, హుందాగా ఉంటాదని. దాన్ని మళ్ళీ తెరిచి చూస్తే ఒట్టు.

తర్వాత లిస్టులో ఒక్క మెయిలూ లేదు. ఎవరైనా అయితే అనుమానపడతారు. నాను మాత్రం "చూశావా, మావాళ్ళకి ఎంత మర్యాద వచ్చిందో" అని మా ఆవిడతో గొప్పలు చెప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడే కామేశు ఇల్లు పూర్తయింది. కామేశు మాతో రెండేళ్ళే చదివాడు. వాళ్ళ నాన్న పోవడంతో చదువు మానేసి కిరాణా కొట్లో కూర్చున్నాడు. మంచి బేరం, మంచి పేరు. కానీ వాడికి లోపల ఒక బెంగ. లిస్టులో పేరు చేర్చిన రోజునే అడిగాడు, "నాను డిగ్రీ పాసవలేదు కదరా. ఆళ్ళంతా ఆఫీసర్లు. నన్ను మీ బేచ్‌లో లెక్కెడతారేటి?" అని.

గృహప్రవేశానికి పిలవడానికి వాడూ వాళ్ళావిడ పార్వతీ మా ఇంటికొచ్చారు. మా ఆవిడకి బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చారు. "ఇలగే ఇంటింటికీ ఎల్లి పిలవాల అన్నయ్యా, పలాస నించి ఇజీనారం దాకా ఉన్నారు మీవోళ్ళు" అంది పార్వతి. నా నోరు ఊరుకుంటుందా? "ఏ కాలంలో ఉన్నావమ్మా! లిస్టుకి ఒక్క మెయిల్ పెట్టించు, చాలు" అన్నాను. కామేశుకి మెయిల్ కొట్టడం నానే నేర్పాను. సోమవారం ఫోన్ చేశాడు. "ఒరే, రెండు వేళ్ళతో గంట కొట్టాను రా. ఎట్టీసాను!" అన్నాడు. "శభాష్! అందరికీ వెళ్ళిపోయుంటాది" అన్నాను. నిజంగా వెళ్ళిందో లేదో చూడలేదు. చూడాల్సిన అవసరం ఏటున్నాది? మమ్మల్ని బొట్టు పెట్టి పిలిచారు కదా!

ఆదివారం పది గంటలకల్లా వెళ్ళాను. ఇల్లు ఎంత బాగుందనుకున్నారు! వ్రతం అయింది, చుట్టాలు, వీధివాళ్ళు ఒక పంక్తి తినేశారు. రెండో పంక్తి మా బ్యాచ్‌ది. షామియానా కింద విస్తళ్ళు వేసి, నీళ్ళ గ్లాసులు పెట్టి ఉంచారు. కామేశు వాళ్ళ మావగారు మడత నలగని తెల్ల పంచెతో గేటు దగ్గర నిలబడ్డారు. అల్లుడు చెప్పాడట, "మావా, మా బేచ్ అంతా వస్తన్నారు, బేంకోళ్ళు, ఇంజినీర్లు" అని.

పన్నెండైంది. ఒక్కడు రాలేదు. పన్నెండున్నర. కామేశు పట్టు పంచెతో గేటు దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం. వంటాయన "బూరెలు సల్లారిపోతన్నాయి బాబూ" అని రెండుసార్లు అడిగాడు. మావగారు వాచీ చూసుకున్నారు. కామేశు నా పక్కకొచ్చి మెల్లిగా, "నాను అనుకున్నదే రా. కొట్టోడింటికి ఎవలొస్తారు" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మావగారి ముందుకెళ్ళి ఒక ఉపన్యాసం మొదలెట్టాను. "ఉద్యోగాలొచ్చీసరికి కళ్ళు నెత్తికెక్కాయండీ మావాళ్ళకి! పిలిస్తే రాకపోవడమే కాదు, రామని చెప్పడానికి కూడా నోరు రాదా? ఛీ! సిగ్గులేని మనుషులు!" నలుగురూ చుట్టూ చేరారు. నాకు ఊపొచ్చింది. "ఉండండి, ఒక్కొక్కణ్ణీ కడిగేస్తాను, మీరే వినండి" అని అప్పలరాజుకి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను. ఎవరు పెట్టమన్నారండీ నన్ను స్పీకర్!

"ఏరా, కామేశు పిలిస్తే రావడానికి నీకంత బరువా?"

"ఏటి పిలిచాడు? ఎక్కడికి?"

"నాటకాలాడకు! గృహప్రవేశానికి. లిస్టులో మెయిల్ పెట్టాడు కదా!"

"లిస్టా? పదిహేను రోజుల్నించి అందులో ఒక్క మెయిల్ లేదు కదరా. నాను ఎట్టినవీ ఎల్లట్లేదు. నిన్ను అడిగితే సర్వర్ బాగు సేస్తన్నారు అన్నావు. ఇంకా అవలేదేటి?"

అవును, వాడి గులాబీలు నానే ఆపానని ఒప్పుకోలేక అలా చెప్పాను వాడికి. పచ్చి అబద్ధం. ఇప్పుడు షామియానా అంతా విన్నాది.

ఫోన్ పెట్టేసి ఆ అడ్మిన్ ఐడీ తెరిచాను. నెట్ తిరుగుతోంది, తిరుగుతోంది. తెరుచుకుంది. నా అప్రూవల్ కోసం వరసగా ఆగి ఉన్నాయి. గులాబీలే ఎక్కువ. మధ్యలో కామేశు మెయిలు. "నేను కామేశుని. మీతో రెండేళ్ళు చదివాను. గుర్తున్నానో లేదో. ఇల్లు కట్టుకున్నాను. ఆదివారం గృహప్రవేశం. మీరందరూ వస్తే మా ఇంట్లోవాళ్ళకి చూపించుకుంటాను." దాని కింద శుక్రవారం ఇంకొకటి. "ఎవరూ జవాబు ఇవ్వలేదు. పనుల్లో ఉంటారు. ఫరవాలేదు. వంట మాత్రం అందరికీ చేయిస్తున్నాను."

అది చదివాక నాకు తలెత్తడం చేతకాలేదు. భూమి చీలితే బాగుణ్ణు అనిపించింది, నిజంగా చెప్తన్నాను. కామేశు చెయ్యి పట్టుకుని, "ఒరే, వాళ్ళ తప్పు ఏమీ లేదురా. నీ మెయిల్ ఎవరికీ వెళ్ళలేదు. నానే ఆపీసాను. చూసుకోలేదు. నన్ను చెప్పుతో కొట్టు" అన్నాను.

వాడు నా చేతిలో ఫోన్ లాక్కుని చూశాడు.

"అంటే... ఆళ్ళకి తెలీనే తెలీదా?"

"తెలీదురా."

కొడతాడనే అనుకున్నాను. వాడి మొహం చూడాలి మీరు, ఎలా వెలిగిపోయిందో! ఒక్క ఉరుకులో మావగారి దగ్గరికెళ్ళి రెండు భుజాలూ పట్టుకుని అరిచాడు. "మావా! ఆళ్ళు మంచోళ్ళే మావా! నానంటే ఇష్టం లేక కాదు! ఈ ఎదవ సెప్పనివ్వలేదు, అంతే!"

అంతే అట! నన్ను అంత సంతోషంగా ఎదవ అన్నవాడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. మావగారు నన్ను కింద నుంచి పై దాకా చూసి, "ఇందాకా సిగ్గులేని మనుసులని ఎవల్నో అన్నావు కదా నాయనా?" అన్నారు.

ఆ తర్వాత ఫోన్లే ఫోన్లు. పార్వతి మళ్ళీ పొయ్యిలు వెలిగించమంది. సాయంత్రానికి బస్సుల్లో, బళ్ళ మీద, ఒక్కో ఆటోలో ఏడుగురు చొప్పున దిగారు మావాళ్ళు. వచ్చినవాడల్లా కామేశుని కౌగిలించుకోవడం, ఇటు తిరిగి నన్ను ఒక చూపు చూడడం. వాడు గది గదికీ తిప్పి చూపిస్తన్నాడు. నాను వాళ్ళ మధ్య కూర్చోలేకపోయాను. తువ్వాలు నడుముకి చుట్టి, దప్పళం బకెట్టు పట్టుకుని విస్తళ్ళ మధ్య తిరగడం మొదలెట్టాను. "అడ్మిన్ గారూ, ఇంకో బూరె అప్రూవ్ చేస్తారా?" అని ఒకడు. పంక్తి అంతా నవ్వు. వేశాను, రెండు.

అప్పుడే టెక్కలి నుంచి కామేశు వాళ్ళ పెదమావగారు దిగారు. పొద్దుటి గొడవ ఆయనకి తెలీదు. నిదానంగా భోంచేస్తూ నా వడ్డన చూస్తన్నారు. చెయ్యి కడుక్కుని, దగ్గరికి పిలిచి, "బాబూ, తమరేటి సేస్తంతారు?" అని అడిగారు.

పక్కనే యాభై మంది నా ఉద్యోగం తెలిసినవాళ్ళు. అందరూ చెవులు రిక్కించారు. కంప్యూటర్లు చెప్తానని అనడానికి నాకు నోరు పెగల్లేదు.

"వడ్డన చేస్తంతానండి" అన్నాను.

"అదే అనుకున్నాను, సెయ్యి తిరిగినోడివి" అని మెచ్చుకుని, "మాఘమాసంలో మా మనవరాలి పెళ్ళున్నాది, వస్తావేటి?" అన్నారు.

వస్తానన్నాను.