అన్నం దగ్గర వాయించేవాడు

వరంగల్లులో పెళ్లి బ్యాండు అంటే చెవులు గింగురుమనాలి. లేకపోతే పిల్ల తండ్రి మొహం మాడ్చుకుంటాడు, పెళ్లికొడుకు మేనమామలు భోజనాల దగ్గర అలుగుతారు. అలాంటి ఊళ్లో ఏలియా అనే మనిషి పద్నాలుగేళ్లపాటు వినపడీ వినపడనట్టు శాక్సాఫోన్ వాయించి బతికాడు. ఊళ్లో సగం మంది నవ్వారు. నవ్వనివాళ్లు జాలిపడ్డారు. నవ్వును దులిపేసుకోవచ్చు కానీ జాలి ఒంటికి అంటుకుని వదలదని అతనికి బాగా తెలుసు.

దేశాయిపేటలో పుట్టాడు. తండ్రి దేవదానం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, కనుక పిల్లవాడికి స్వరం పుట్టుకతోనే వచ్చిందని అందరూ అనేవారు. స్వరం వచ్చింది గానీ దాన్ని పనికొచ్చేటట్టు చేసింది మాత్రం కాశిబుగ్గ కొమురెల్లి. కొమురెల్లికి సొంత బ్యాండు ఉండేది, పెద్ద డ్రమ్ము తనే కొట్టేవాడు. పొద్దున లేవగానే డ్రమ్మును వేలితో ఒకసారి తట్టి, ఆ చప్పుడును బట్టి వాన వస్తుందో రాదో చెప్పేవాడు. అంత చెవి ఉన్న మనిషి పదహారేళ్ల ఏలియా చేతిలో క్లారినెట్ పెట్టి, "ఇగ నువ్వు నా తమ్మునివి, ఫికర్ చెయ్యకు" అన్నాడు. పదిహేనేళ్లకు పైగా ఇద్దరూ కలిసి ఈ జిల్లాలో ఎన్ని వందల పెళ్లికొడుకులను గుర్రాల మీద ఊరేగించారో వాళ్లకే తెలియదు.

ఏలియా చెడిపోయింది కాజీపేటలో. చెడిపోవడం అన్నది కొమురెల్లి మాట. క్రిస్మస్‌కు రైల్వే వాళ్ల క్లబ్బులో బ్యాండు కట్టినప్పుడు పీటర్స్ అనే గార్డు దొర ఒక మూల కూర్చుని శాక్సాఫోన్ వాయిస్తున్నాడు. జంటలు మెల్లగా అడుగులు వేస్తున్నాయి, ముసలివాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు, ఎవరూ అతన్ని చూడటం లేదు. అయినా అతను ఒక్క క్షణం ఆపితే మొత్తం హాలు చిన్నబోతోంది. ఏలియా నోరు తెరుచుకుని చూశాడు. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, సైకిలెక్కి కాజీపేట పోయేవాడు. పీటర్స్ దగ్గరున్న మెత్తని జాజ్ రికార్డులు అరిగిపోయేదాకా విని, ఆ వాద్యం నేర్చుకున్నాడు. డెబ్బై ఒకటిలో పీటర్స్ కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ శాక్సాఫోన్ పెట్టెను ఏలియా సైకిల్ వెనకాల తన చేతులతో కట్టి మరీ వెళ్లాడు.

డెబ్బై మూడులో రాజేశ్వర్ రావు హనుమకొండ చౌరస్తా దగ్గర కొత్త హోటలు తెరిచాడు. బొంబాయిలో ఏదో హోటల్లో భోంచేస్తుంటే పక్కన సన్నగా వాయించడం చూసి వచ్చాడట, ఇక్కడా అలాగే కావాలన్నాడు. ఏలియాను పిలిచి ఒకటే షరతు పెట్టాడు.

"తినేటోళ్లు తలకాయలెత్తి నిన్ను చూసిండ్రంటే, నువ్వు తప్పు వాయించినట్టు లెక్క."

ఏలియా ఒప్పుకున్నాడు. బ్యాండు విడిచిపెడుతున్నానని చెప్పడానికి కాశిబుగ్గ వెళితే కొమురెల్లి మండిపడ్డాడు.

"మెతుకుల నడుమ వాయిస్తవార? బువ్వకు పాటెందుకు? నీ పాటల ఉప్పు లేదు, కారం లేదు. జెరమొచ్చినోనికి పోసే జావ అది. దాన్ని పాటంటరా ఎవలన్నా?"

అదే మాటను ఊరు పట్టుకుంది. బ్యాండు వాళ్లు ఎదురైతే "ఏలన్నా, జావ కాసినవా?" అని అడిగేవారు. చర్చిలో పెద్దలు అది క్లబ్బు సంగీతమని ముక్కు విరిచారు. ఆ రకం సంగీతానికి తర్వాత అమెరికావాళ్లు స్మూత్ జాజ్ అని పేరు పెట్టారట. పేరు పెట్టకముందే దాని తరఫున తిట్లు తిన్నవాడు మన ఏలియా.

నిజానికి ఆ పని చేతకానివాడి పని కాదు. చేతులు కడిగే చోట గోడకు పెద్ద అద్దం ఉండేది. ఏలియా దానికి ఎదురుగా నిలబడి, అందులో హాలంతా చూస్తూ వాయించేవాడు. పళ్లు లేని ముసలాయన మెల్లగా నములుతుంటే పాటను అంత మెల్లగా నడిపేవాడు. మొగుడూ పెళ్లాల గొంతులు లేస్తున్నాయనిపిస్తే ఆ బల్ల వైపు మరింత మెత్తగా ఊదేవాడు, కాసేపటికి వాళ్లే తగ్గేవారు. తను ఎందుకు తగ్గాడో ఆ మొగుడికి తెలియదు. తెలియకూడదు కూడా. అలా చేయడానికి ఎంత ఊపిరి బిగపట్టాలో ఇంటికొచ్చాక ఛాతీకి వేడినీళ్ల కాపడం పెట్టే రూతుకు మాత్రమే తెలుసు. రూతు అతని భార్య, మిషను దవాఖానలో ఆయా.

అయినా ఏలియా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఊరంతా ఏమన్నా భరించాడు. కొమురెల్లి ఒక్కసారి, ఒకే ఒక్కసారి వచ్చి కూర్చుని విని, "పాటేరా" అంటే చాలనుకున్నాడు. కొమురెల్లి తొమ్మిదేళ్లలో ఆ హోటలు గడప తొక్కలేదు.

ఎనభై రెండు ఎండాకాలంలో పరకాల దగ్గర ఒక పెళ్లికి కొమురెల్లి బ్యాండు వెళ్లింది. కొమురెల్లి కొడుకు సారంగపాణి అందులో చిన్న డ్రమ్ము వాయించేవాడు, ఇరవై నాలుగేళ్లవాడు. పెళ్లయ్యాక ఆడపెళ్లివారు తిని పొమ్మని చేయి పట్టుకున్నారు. సామాన్లు ముందు పంపిద్దామని కొమురెల్లి కొడుకును లారీ ఎక్కించి, దాని మోత దూరమయ్యేదాకా విని, తను బంతిలో కూర్చున్నాడు. లారీ ఒక కల్వర్టు దగ్గర బోల్తా పడింది. కబురు వచ్చేసరికి కొమురెల్లి విస్తరిలో రెండోసారి వడ్డించుకున్న అన్నం ఉంది.

బ్యాండువాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. తమలో ఎవరు పోయినా కాటిదాకా బ్యాండు కట్టాలి, మాస్టరు ముందుండి డ్రమ్ము కొట్టాలి. కొడుకైనా సరే. కొమురెల్లి ఒక్క దెబ్బ తప్పకుండా కాశిబుగ్గ నుంచి కాటిదాకా డ్రమ్ము కొట్టుకుంటూ నడిచాడు. ఏలియా తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ క్లారినెట్ పట్టుకుని అతని పక్కనే నడిచాడు. ఆ చప్పుడు వినలేక దారి పక్కన ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు.

ఆ రోజు నుంచి కొమురెల్లికి ముద్ద దిగలేదు. భార్య మల్లక్క అన్నం ముందు పెడితే చూస్తూ కూర్చునేవాడు. బలవంతం చేస్తే నోట్లో పెట్టుకుని, మళ్లీ బయటికి తీసేవాడు. దినాలైపోయి నెల దాటింది. పైజామా నడుం మీద నిలవడం లేదు. రెండుసార్లు దవాఖానలో పడుకోబెట్టి గ్లూకోజు ఎక్కించారు.

"రోగమేం లేదంటాండు డాక్టరు," అని రూతు ఇంటికొచ్చి చెప్పింది. "బువ్వ తినకుంటే మాత్రం మనిషి దక్కడట. మల్లక్క గోడకు ఒరిగి ఏడ్వబట్టింది."

ఇంట్లో ప్రతి గిన్నె కొడుకును గుర్తు చేస్తుందేమో, బయట అయితే తింటాడేమో అని ఏలియాకు తోచింది. రాజేశ్వర్ రావును అడిగాడు. మధ్యాహ్నం రెండు దాటాక, జనం పలచబడ్డాక తీసుకురమ్మని ఆయన వెంటనే అన్నాడు. మల్లక్క మొగుణ్ని రిక్షాలో తీసుకొచ్చి మూల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అన్నం, పప్పు వచ్చాయి. ఏలియా అద్దంలో చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు. కొంతసేపటికి కొమురెల్లి చేయి కదిలింది. ఒక ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. గొంతు కదిలింది. మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడ ఏలియా బుద్ధి గడ్డి తిన్నది. కొమురెల్లి వచ్చి కూర్చున్నాడు, వింటున్నాడు, తొమ్మిదేళ్ల తర్వాత. ఈ అవకాశం మళ్లీ రాదు అనుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, బరాత్‌లో వాళ్లిద్దరూ కలిసి కట్టిన పాత వరసను అందుకున్నాడు. ఇన్నేళ్లు నేర్చిన నేర్పంతా దానికి అద్ది, పైకి, ఇంకా పైకి తీసుకుపోయాడు. ఆ వరస చివర ఒక ఖాళీ ఉంటుంది. అక్కడ ఊదేవాడు ఆగాలి, చిన్న డ్రమ్ము జవాబు చెప్పాలి. అలవాటు కొద్దీ ఏలియా ఆగాడు.

జవాబు రాలేదు. ఏలియా బ్యాండు విడిచాక, ఎనిమిదేళ్లుగా అక్కడ జవాబు చెప్పింది సారంగపాణి.

కొమురెల్లి చేతిలోని ముద్ద విడిపోయి పళ్లెంలో పడింది. అతను తలెత్తి ఏలియా వైపు చూశాడు. కోపం లేదు, ఏమీ లేదు ఆ చూపులో. లేచి, చేయి కూడా కడుక్కోకుండా ఎండలోకి నడిచిపోయాడు. మల్లక్క వెనకాలే పరుగెత్తింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఏలియా జరిగింది దాచకుండా చెప్పాడు. రూతు బియ్యం ఏరడం ఆపింది.

"ఆకలిగొన్నోని పళ్లెం ముందట నీ గొప్పలు చూపినవా? ఆయన మెచ్చుకోవాల్నని నీకు అంత పానం కొట్టుకుంటాందా? ఆయన పానమే పోతాంది గదయ్యా!"

ఏలియాకు తల కొట్టేసినట్టయింది. రూతు ఒక్క మాట కూడా అబద్ధం చెప్పలేదు. ఊరు తనను జావ అన్నందుకు ఇన్నేళ్లు కుమిలాడు, సరైన వేళకు ఆ జావ కూడా కాయలేకపోయాడు. ఆ రాత్రి మోకాళ్ల మీద ప్రార్థనలో తన కోసం ఏమీ అడగలేదు.

మర్నాడు హోటలు పనికి ముందే శాక్సాఫోన్ పెట్టె పట్టుకుని కాశిబుగ్గ వెళ్లాడు. మల్లక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మల్లెందుకొచ్చినవ్, ఏలియా?"

"తప్పైంది వదినె. బువ్వ పెట్టు. నేను కనవడకుంట బయట అరుగు మీద కూసుంట. ఒక్క రెండొద్దులు చూడు, కాదంటే పో అను, పోత."

ఆమె పక్కకు తప్పుకుంది. పక్కింట్లో సాలెవాళ్ల మగ్గం ఆడుతోంది, టకటకా ఒకే లెక్కలో. ఏలియా ఆ మగ్గం లెక్కనే పట్టుకుని, దాని కింద తన పాటను దాచేశాడు. పేరున్న పాట ఏదీ ఎత్తుకోలేదు. పైకి పోలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కడా ఆగలేదు. మగ్గం దెబ్బ పడినప్పుడే ఊపిరి పీల్చి, ఖాళీ అన్నది లేకుండా నడిపాడు. ఎవరూ తన వైపు చూడకూడదని హోటల్లో జీతం కోసం వాయించేవాడు, ఇక్కడ నిజంగా కోరుకుని వాయించాడు.

మొదటి రోజు కొమురెల్లి తినలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు మల్లక్క గుమ్మంలోంచి రెండు వేళ్లు చూపించింది, రెండు ముద్దలు. నాలుగో రోజు వాంతి చేసుకున్నాడు. ఏలియా రావడం మానలేదు. వారం తిరిగేసరికి గుప్పెడన్నం నిలిచింది. ఒకరోజు మల్లక్క అతన్ని అరుగు మీద నుంచి లోపలికి పిలిచి గోడ వారగా పీట వేసింది. ఏలియా మొహం గోడ వైపు తిప్పుకుని వాయించాడు. వెనకాల ముద్ద కలిపే చప్పుడు వినపడేది. ఆ చప్పుడు విని అతనికి కళ్ల వెంట నీళ్లు కారేవి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు.

ఇరవై రోజులయ్యాయి. ఆ పూట కొమురెల్లి పళ్లెం ఖాళీ చేసి, మజ్జిగ అడిగి తాగాడు. మల్లక్క పళ్లెం తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఏలియా వాయించడం ముగించి శాక్సాఫోన్ తుడిచి పెట్టెలో పెట్టాడు. మూత వేస్తూ ఉండబట్టలేక అడిగాడు. మనిషి కదా.

"అన్నా, ఇన్నొద్దులు విన్నవు గద. ఎట్లున్నది నా పాట?"

కొమురెల్లి అబద్ధమాడే మనిషి కాదు.

"నాకేం యాదికి లేదు తమ్మీ. నువ్వేం వాయించినవో, ఎట్ల వాయించినవో, ఒక్క ముక్క యాదికి లేదు."

ఏలియా మనసు చివుక్కుమంది. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట ఇదా అనిపించింది. అయినా ఆ బాధ ఎక్కువసేపు నిలవలేదు. మనిషి దవడల మీదికి కాస్త కండ వచ్చింది, కళ్లు ఎత్తి ఎదుటివాణ్ని చూస్తున్నాడు. అది చాలనుకున్నాడు.

"మంచిది అన్నా. ఇగ నువ్వు తింటానవు. నేను రేపటి సంది రాను," అని లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

పక్కింటి మగ్గం కూడా అప్పుడే ఆగిపోయింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. కొమురెల్లి చేయి చాపి, అతని చొక్కా అంచు పట్టుకున్నాడు.

"పోకు," అన్నాడు. "నువ్వు వాయించేటిది నాకు ఎరుకైతలేదు తమ్మీ. ఆపితె ఎరుకైతాంది. నువ్వు ఆపంగనే లారీ మోత వినవడ్తాంది."

ఏలియా చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చి, గోడ వారగా కూర్చుని పెట్టె మూత తీశాడు.