గుమ్మానికి అడ్డం కూర్చున్న ఆడపడుచు

మా మేనల్లుడి పెళ్లి కుదిరిన రోజే ఇంట్లో తగువు మొదలైంది. కొత్త జంట ఇంటికి వచ్చినప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడాలి, పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వనని మొండికెయ్యాలి. పెళ్లికొడుక్కి తోడబుట్టిన ఆడపిల్ల ఒక్కతే, వాడికంటే పెద్దది. దానికి మాట రాదు.

పుట్టగానే ఏడవని పిల్ల అది. ఊపిరి అందడం ఆలస్యమైంది. దాని దెబ్బ కాళ్లకీ చేతులకీ నాలుక్కీ తగిలింది. చక్రాల కుర్చీలో కూర్చుంటుంది. తెలుగూ ఒడియా సరే, సంతలో కొండజనం మాట్లాడుకునే దేశియా కూడా దానికి శుభ్రంగా అర్థమవుతుంది. మా అన్నయ్య వాళ్లది ఒడిశాలో గుణుపూర్ దగ్గర పల్లె. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పొలాలు చేసుకుంటున్న కుటుంబం. ఊళ్లో అందరూ పిల్లని మూగమ్మి అంటారు. ప్రేమగానే అంటారు. అందుకే ఎవరినీ తిట్టడానికి వీల్లేక నాకు ఒళ్లు మండేది.

నేను రాయగడలో మున్సిపాలిటీ ఆఫీసులో పనిచేస్తాను. నా నోటికి జడిసి మా ఆఫీసులో నా కుర్చీ ఎవరూ జరపరు. అలాంటిదాన్ని, కొరాపుట్‌లో మాట రానివాళ్లకి బొమ్మలతో మాట్లాడటం నేర్పే డాక్టరమ్మ ఉందని విని, వదినని బతిమాలి పిల్లని తీసుకెళ్లాను. ఆవిడ ఒడియా అమ్మాయి, మెత్తటి మనిషి. గళ్లు గళ్లుగా బొమ్మలున్న అట్ట ఒకటి చేతిలో పెట్టింది. నీళ్లు, అన్నం, నొప్పి, బాత్‌రూం, కావాలి, వద్దు. పిల్ల పిడికిలి ఏ గడి మీద ఆనిస్తే అదే దాని మాట. పిల్లకి ఏ షరతూ లేదు. షరతు నాకు. "అడిగాక ఆగాలి. తన చెయ్యి కదిలి గడి మీద ఆగేదాకా మీ నోరు కదలకూడదు" అంది. మెత్తగానే అంది కానీ, నన్ను చూసి చూడగానే ఆవిడకి నా జబ్బు తెలిసిపోయిందని నాకు అనుమానం.

తిరుగు రైలు కకిరిగుమ్మలో ఆగింది. కిటికీ దగ్గరికి జామకాయల గంప వచ్చింది. ఎప్పటిలాగే కొని, చిన్న ముక్క కొరికి పిల్ల నోటికి అందించాను. దాని చెయ్యి లేచింది. అటూ ఇటూ ఊగి, వణికి, అట్ట మీద దభీమని పడింది. వద్దు. చిన్నప్పటి నుంచి ఎప్పుడు కనబడినా ఆ పిల్లకి జామకాయ తినిపించేదాన్ని నేనే. "జామకాయా? ఎప్పుడూ వద్దా?" అన్నాను. మళ్లీ అదే గడి. పిల్ల పకపకా నవ్వింది. దానికి నవ్వు మాత్రం ఏ అడ్డూ లేకుండా వస్తుంది. ముక్కలన్నీ నేనే తింటూ ఇంటికొచ్చాను. నాకు చాలా సంతోషంగా ఉంది.

కొన్నాళ్లకి తెలిసింది, ఆ అట్ట మీదవన్నీ అడుక్కునే మాటలని. నీళ్లు కావాలి, అన్నం కావాలి. మనిషి అంతేనా? డాక్టరమ్మని అడిగి, నేనూ పిల్లా కూర్చుని కొత్త అట్ట చేసుకున్నాం. నేను ఒక్కో మాట చదివేదాన్ని. ఇష్టమైతే కళ్లు పైకెత్తేది, లేకపోతే మూసేసేది. పాత గడులకి తోడు ఇంట్లోవాళ్ల ఫోటోలు, తన ఫోటో, వీధి గుమ్మం ఫోటో, రా, పో, అడుగు, చెప్పు, ఇంకోసారి. "అబద్ధం" అనే గడి పట్టుబట్టి పెట్టించుకుంది. అది వాళ్ల నాన్న సంత నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో బాగా వాడకంలో ఉండేది.

పెళ్లి కుదిరాక ఆ అట్ట మీదే చెప్పింది. తన ఫోటో, తర్వాత గుమ్మం. మళ్లీ తన ఫోటో, మళ్లీ గుమ్మం. దాని నుదుటి మీద చెమట పట్టింది. వదిన వాళ్ల అక్క, అంటే పిల్లకి పెద్దమ్మ, అప్పుడు అక్కడే ఉంది.

"ఓలమ్మో, అదేటి సెప్తాదే? పెళ్లికొచ్చినోలంతా సూసి నవ్వరేటి? నా కూతురు నిలబడతాది. అదీ సెల్లే కదా" అంది.

"తోడబుట్టింది ఇక్కడ కూకుని ఉంటే అరువుకి తెచ్చుకోడమేటి? ఈ గుమ్మంలో నీ సెల్లెల్ని ఆపింది నాను. ఈసారి నా మేనకోడలు ఆపుతాది" అన్నాను. కోపం వస్తే నా ఆఫీసు తెలుగు ఎటో పోతుంది.

వదిన ఇద్దరి మధ్యా నలిగిపోయి, చివరికి "దాని సరదా అది. కూకోనీ అక్కా" అంది. పెద్దమ్మ మూతి ముడుచుకుంది. పెళ్లి కోసం అట్టలో "పేరు" అనే గడి కొత్తగా చేర్చాం, కొత్త కోడలి ఫోటో కూడా అంటించాం. పేరు, చెప్పు. పేరు, చెప్పు. పిల్ల సాధన చేస్తూనే ఉంది.

పెళ్లికూతురిది నారాయణపట్న దగ్గర రైతు కుటుంబం. పెళ్లి వాళ్ల ఊళ్లో చేసి మర్నాడు పొద్దున్న జంటని తీసుకొచ్చారు. వాకిట్లో డప్పులు, జనం, ఎండ. గుమ్మానికి సరిగ్గా మధ్యలో కుర్చీ పెట్టి చక్రాలకి బ్రేకు వేశాను. కొత్త పట్టుచీరలో, తలనిండా పూలతో, ఒళ్లో అట్టతో కూర్చుంది నా మేనకోడలు. పక్కనే వదిన ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడింది. దిష్టి తీయడం అయింది. డప్పులు ఆపించాను. పిల్ల చెయ్యి లేచింది.

అది గాలిలో ఉండగానే పెద్దమ్మ గట్టిగా అరిచింది. "పేర్లు సెప్పమంటంది! సెప్పండి, సెప్పండి, వర్జ్యం వచ్చెస్తంది!"

జంట పేర్లు చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్లికొడుకు తన అక్క ఒళ్లో చీర పొట్లం పెట్టాడు. పెళ్లికూతురు కుడికాలు ఎత్తింది. కుర్చీ కదిలితే కదా లోపలికి వచ్చేది. జరపడానికి ఎవరో వెనక నుంచి చెయ్యి వేశారు. పిల్ల గొంతులోంచి పెద్ద కేక వచ్చింది. చీర పొట్లాన్ని కిందికి నెట్టేసింది.

ఇక మొదలయ్యాయి ఊహలు. "దాహమేమో." "ఎండకి ఉడుకుతన్నట్టుంది." "సీర రంగు నచ్చనేదేటి?" "బాత్‌రూముకేమో, లోనికి తీసికెల్లండి." ఒకరు నీళ్లు తెచ్చి నోటికి అందించారు, ఒకరు విసనకర్ర ఊపారు. అందరికీ దాని మీద జాలే, ఒక్కరూ దాని చేతి వంక చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు అరవడమే తెలుసు.

"నోరు ముయ్యండర్రా అందరూ! అది మాటాడతంది!"

విసనకర్ర ఊపే చెయ్యి ఆగింది. అట్ట తీసి దాని ముందు పట్టుకున్నాను. అడగాలని నాకూ నాలుక దురద పెట్టింది, పళ్లు బిగించి ఆగాను. చెయ్యి లేచింది, పక్కకి పోయింది, తిరిగి వచ్చింది. పేరు. కాసేపటికి ఇంకో గడి. చెప్పు.

"సెప్పేరు కదే అమ్మీ, అయిపోయింది కదేటి!" అంది పెద్దమ్మ. ఈసారి మెల్లగానే అంది.

పిల్ల కళ్లు గట్టిగా మూసింది. కాదు. మళ్లీ చెయ్యి లేచింది. పిడికిలి వెళ్లి కొత్త కోడలి ఫోటో మీద ఆగింది. అక్కడి నుంచి జారి తన ఫోటో మీద ఆగింది. అక్కడే ఉంది.

పెళ్లికూతురు వంగి అట్ట చూసింది. చదువుకున్న పిల్ల, తెలివైన పిల్ల. కొత్త కోడలి ముఖం ఎర్రబడింది. "మీ పేరు సెప్పమంతన్నారా వదినా?" అని అడిగింది.

నా మేనకోడలు కళ్లు పైకెత్తింది. అవును.

"నాకు తెలీదు వదినా. మూగమ్మి అనే సెప్పేరు అందరూ."

పెళ్లికొడుకు నోరు తెరిచాడు. వాడి అక్క చెయ్యి అట్ట మీద టప్పున పడింది. వద్దు. నాకు ఆ పేరు నాలుక చివరే ఉంది, నేనూ చెప్పలేదు. పెళ్లికూతురు తనే తలెత్తి అత్తగారి వైపు తిరిగింది. "వదిన పేరేటండి?"

మా వదిన ఎర్రనీళ్ల పళ్లెం కింద పెట్టింది. కూతుర్ని ఆవిడ ఎప్పుడూ అమ్మి అనే పిలిచేది. బారసాల నాడు ఉయ్యాల దగ్గర చెవిలో చెప్పిన పేరు ఆ తర్వాత ఆసుపత్రి చీటీల మీదే మిగిలింది. ఆవిడ ఆ పేరు చెప్పింది. చెప్పి ఏడ్చింది. పెళ్లికూతురు గుమ్మం ముందు నిలబడి, అందరికీ వినబడేలా, ఆ పేరు పలికి చివర వదినా అని కలిపింది.

పిల్ల చెయ్యి మళ్లీ లేచింది. ఇంకోసారి.

కొత్త కోడలు ఇంకోసారి చెప్పింది. పెళ్లికొడుకూ చెప్పాడు. వాకిట్లో వెనక నిలబడ్డవాళ్లూ ఒకరొకరే చెప్పడం మొదలుపెట్టారు. అందరికంటే చివర పెద్దమ్మ చెప్పింది. నా మేనకోడలు ఒళ్లంతా ఊగేలా నవ్వింది. అప్పుడు బ్రేకు తీశాను. వర్జ్యం ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

ఇదంతా రాస్తున్నానని మొన్న ఊరెళ్లినప్పుడు చెప్పాను. చదివి వినిపించాను కూడా. జామకాయల దగ్గర బాగా నవ్వింది. "మరి నీ పేరు రాయనా?" అని అడిగి, నోరు మూసుకుని ఆగాను. చెయ్యి లేచి, వణికి, వద్దు మీద పడింది. మళ్లీ లేచింది. రా. ఆ తర్వాత, చాలాసేపటికి, అడుగు.

అందుకని రాయలేదు. తెలుసుకోవాలనుకున్నవాళ్లు మా ఊరొచ్చి దాన్నే అడగాలి.