రాణిగారి సంగీతశాలకు అమ్మ వెళ్ళిన రోజు

మొన్న మనవరాలి కచేరీ ఉందంటే బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా ఇంటి నుంచి క్లాంగ్ టౌనుకు వెళ్ళి, రాణిగారి సంగీతశాలలో అడుగుపెట్టబోతుంటే, కాపలా మనిషి నా చేతిసంచీ తెరిపించి, అందులోని మందులడబ్బా వైపూ నా మొహం వైపూ అనుమానంగా మార్చి మార్చి చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు ఆ గుమ్మంలోనే అలాంటి చూపుతో మా అమ్మ నిలబడగా చూసినదాన్ని.

మా నాన్న క్వాలా సెలంగోర్ వైపు ఒక రబ్బరు తోటలో గుమాస్తా. తోటల్లో పెరిగిన మీకు తెలియనిదేముంది, అక్కడ ఎవరింట్లో తుమ్మినా పక్కింటికి వినబడుతుంది. కాని మా నాన్న ఇంట్లో ఉన్నాడో లేడో మాకే తెలిసేది కాదు, అంత మితభాషి. అటువంటి మనిషి ఉన్నట్టుండి శనివారం మధ్యాహ్నాలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకు నూనె రాసుకుని, టౌన్లో ఆఫీసు పనుందంటూ బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఉతకడానికి తీసిన చొక్కా జేబులో కలకండ పలుకులు కనబడేసరికి అమ్మ మనసు మనసులో లేదు. మాకెన్నడూ తేని కలకండ ఎవరి పిల్లలకు పెడుతున్నట్టు? టౌన్లో రెండో కాపురాలు వింతేమీ కాదని పొరుగింటి అత్త అగ్నికి ఆజ్యం పోసింది. సంగతేమిటో సరిగ్గా తెలియకుండానే నేనూ నాన్న పక్కన కూర్చోవడం మానేశాను.

తరువాతి శనివారం నాన్న వెళ్ళగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక వచ్చిన బస్సెక్కింది. క్లాంగ్‌లో మా తోటవాళ్ళందరినీ ఎరిగిన టీకొట్టాయన, అడగ్గానే రాణిగారి సంగీతశాల వైపు చెయ్యి చూపించాడు. జనమంతా తల్లిలా చూసుకున్న సెలంగోర్ రాణిగారు పోయాక ఆవిడ పేరున కట్టిన పసుపు గోడల భవనం అది. మాలాంటివాళ్ళం రోడ్డవతల నుంచి చూడడమే గాని లోపలికి వెళ్ళి ఎరగం. అమ్మ గుమ్మంలో నిలబడి లోపలికి అనుమానంగా చూసి, చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచింది.

వేదిక మీద మలాయివాళ్ళూ, చీనావాళ్ళూ, మనవాళ్ళూ వరసగా నిలబడి రాణిగారి సంస్మరణ సభకు పాట సాధన చేస్తున్నారు. వాళ్ళ మధ్య నాన్న, పక్కనున్న చీనా ఆవిడ చేతిలోని కాగితంలోకి తొంగిచూస్తూ, హాలంతా నిండేటట్టు గొంతెత్తి పాడుతున్నాడు. ఆయనకు అంత గొంతుందని మాకు తెలియదు. అమ్మ ఆ చీనా ఆవిడను ఎగాదిగా చూసి, చివరి వరసలో ఒక కుర్చీలో కూలబడింది.

పాట ఆగాక నాన్న మమ్మల్ని చూసి గబగబా మెట్లు దిగి వచ్చాడు.

“ఇన్నేళ్ళలో ఇంటికాడ ఒక్కపాలైనా పాడినావేటి?” అంది అమ్మ.

“నవ్వుతారేమోనని సెప్పనేదు,” అన్నాడు నాన్న తల దించుకుని.

“మరి ఆ కలకండ?”

“గొంతుకి లా!” అన్నాడు నాన్న, మలాయివాళ్ళ ఊతపదం తగిలించి. “అది నేకపోతే పాట పైకి ఎల్లదు.”

అమ్మ నవ్వలేదు. ఆ తరువాత ప్రతి శనివారం తనూ బయలుదేరేది. పాట వినడానికే అనేది గాని, ఆ చీనా ఆవిడ మీద ఒక కన్ను వేసి ఉంచడానికేనని నాకు ఇప్పటికీ అనుమానమే. ఏదైతేనేం, సభనాడు నాన్న పాడుతుంటే ముందు వరసలో కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది అమ్మే.

మొన్న మనవరాలు బాగా వాయించింది. నా పక్కన కూర్చున్న కోడలు ఫోన్లో మ్యాపు మీద కదులుతున్న చుక్కను చూసి, మీ అబ్బాయి దార్లోనే ఉన్నారత్తయ్యా అని నిశ్చింతగా ఫోను సంచీలో పెట్టేసుకుంది. నిజమే, ఈ రోజుల్లో ఎవరూ ఎవరినీ వెతుక్కుంటూ బస్సెక్కనక్కర్లేదు. కాని అలా వెళ్ళి చూడకపోతే, మన మనిషి అక్కడ మనమెన్నడూ వినని గొంతుతో పాడుతున్నాడేమో, ఆ సంగతి మనకెలా తెలుస్తుంది?