బాలింత కుంపటి పక్కన బాతుపిల్లలు

ఆ రోజుల్లో దుఃఖం వచ్చిన ఇంట్లో పిల్లలకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పేవారు కాదు. పెద్దల మొహాలు చూసి మనమే ఏదో ఒకటి అనుకుని ఊరుకోవాలి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా తాండూరులో ఆ ఏడు ముసురు విడవకుండా పట్టింది. పుట్టి నెల తిరక్కుండానే మా చిన్న తమ్ముడు చలి పట్టి పోయాడు, అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మాట లేదు, ఏడుపు కూడా లేదు. నాయనమ్మ గంజి పట్టుకుని నిలబడితే రెండు గుక్కలు తాగి మళ్లీ గోడవైపే తిరిగేది. "ఏడ్వకుంటే మనిషి దక్కదురా" అని నాయనమ్మ మా నాయనతో అనడం విన్నప్పటినుంచీ, అమ్మ కూడా పోతుందేమోనని నాకు ఒకటే దడ. (బడిలో మాత్రం "మా అమ్మకు జర పైత్యం చేసింది" అని పెద్దమనిషిలా చెప్పేదాన్ని.)

అలాంటి ఇంట్లోకి కోడిపిల్లలూ బాతుపిల్లలూ దిగబడ్డాయి. వికారాబాదు నుంచి మా మేనమామ ఊకలో పెట్టుకుని రైల్లో తెచ్చిన బాతుగుడ్లను నాయనమ్మ ఎప్పుడో పొదుగుకోడి కింద పెట్టింది, వారం ఆగి కోడిగుడ్లు కూడా పెట్టింది. అన్నీ ఒక్కసారే పిల్లలయ్యాయి. మర్నాడే ఆ కోడిని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. తల్లిలేని పిల్లలకు వేడి కావాలి, మా ఇంట్లో వేడి ఉన్నది బాలింత గదిలోనే. బిడ్డ పోయినా తల్లికి చలి తగలకూడదని నాయనమ్మ అక్కడి కుంపటి ఆరనివ్వలేదు. మా నాయన గుమ్మంలో నిలబడి, "అవ్వా, ఆమె గట్ల పండుకోనుంటే గా గదిల కోళ్లేందే? లోకం ఏమనుకుంటది?" అన్నాడు. "లోకమొచ్చి బొగ్గులేస్తదా? జర పక్కకు జరుగు" అంది నాయనమ్మ.

ముందు వాటిని నేలమీదే వదిలాను. మా నున్నటి నాపరాళ్ల మీద బాతుపిల్లల కాళ్లు చెరోవైపు జారిపోయి పొట్టల మీద ఈదులాడాయి. (గనిలో పనిచేసే మా నాయన ఏరికోరి తెచ్చిన రాళ్లు మరి!) అప్పుడు నాయనమ్మ చాయపత్తి వచ్చే చెక్కపెట్టె ఒకటి తెచ్చి అమ్మ మంచం కాళ్ల దగ్గర పెట్టింది. అడుగున గోనెసంచి పరిచి, పెట్టె బయట ఓ పక్కన కుంపటి ఉంచి, నిప్పుల మీద పలచగా బూడిద చల్లి, పెట్టె మీద సగం వరకు పాత చీర కప్పింది. "గుంపుగూడితే సలైతున్నట్టు, దూరం జరిగితే ఉడుకైతున్నట్టు. గంతే బిడ్డా, సూస్తుండు" అని నాకు అప్పగించింది. ఆ క్షణం నుంచి నేను డాక్టరమ్మనే. మేతకు చెదలు తవ్వి తెచ్చి పెట్టేదాన్ని, బూడిద ఎత్తేదాన్ని. ఇవి బతికితే అమ్మ మాట్లాడుతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఒకనాడు పక్కింటి తుమ్ముల పెద్దమ్మ (ఎవరు ప్రయాణమైనా సరిగ్గా గడప దగ్గర తుమ్మేది) పరామర్శకు వచ్చి, మంచంపట్టె పట్టుకుని "ఎంత పనాయెనే సెల్లే!" అని రాగం అందుకుంది. పెట్టెలోంచి కీచుకీచుమని అవీ అందుకున్నాయి. ఆమె గొంతు పెంచితే అవీ పెంచాయి, ఆమె ఆపితే అవీ ఆపాయి. ఆమె కళ్లు తుడుచుకుని వంగి చూసి, "సావైన ఇంట్ల గీ కోళ్లేందే అవ్వా!" అంటూ లేచిపోతూ గడప దగ్గర తుమ్మనే తుమ్మింది. నేను నోట్లో లంగా కుక్కుకుని నవ్వి, అమ్మవైపు చూశాను. ఆ వీపు కదల్లేదు. ఇంక నాకూ నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం, బాతులకు నీళ్లంటే ప్రాణం కదా అని, ఓ లోతు గిన్నె నిండా నీళ్లు తెచ్చి పెట్టెలో పెట్టాను. బాతుపిల్లలు అందులో దూకి, మునిగి, విదిలించి, గోనెనంతా తడిపేశాయి. కోడిపిల్లలు తడిసి ముద్దయి ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. డాక్టరమ్మ మాత్రం బాతుల స్నానం చూసి చప్పట్లు కొడుతోంది. వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏందే గది? గంత లోతు గిన్నెల నీళ్లు వెడ్తరా? పిల్లలు సలికి సస్తయ్! సోయున్నదా నీకు?"

అమ్మ మంచం దిగింది. ఎవరినీ ముట్టనివ్వకుండా తలకింద దాచుకున్న తమ్ముడి బొంత తీసి, కోడిపిల్లల్ని అందులో ఎత్తుకుని, ఒళ్లో పెట్టుకుని కుంపటి ముందు కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. చెదలు తవ్వింది నేను, తిట్లూ నాకేనా! ఏడుస్తూ వంటింట్లోకి ఉరికి, "అవ్వా, అమ్మ నన్ను తిట్టింది" అన్నాను. నాయనమ్మ చేతిలో చేట జారిపోయింది. "తిట్టిందా? ఏమని తిట్టింది బిడ్డా?" చెప్పాను. "మల్లొకపారి జెప్పు." మళ్లీ చెప్పాను. కళ్లనుంచి నీళ్లు కారుతుంటే ఆమె నవ్వుతోంది, నా పక్షాన ఒక్క మాట లేదు! అప్పుడు గదిలోంచి అమ్మ ఏడుపు వినిపించింది, గొంతెత్తి ఏడుస్తోంది. నేను పరుగెత్తబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏడ్వనీ బిడ్డా, ఏడ్వనీ" అంది.

ఆ తర్వాత అమ్మ నన్ను తిట్టని రోజు లేదు. ప్రతిసారీ నేను నాయనమ్మ దగ్గరికి ఉరికేదాన్ని, ఆమె ప్రతిసారీ "ఏమని తిట్టింది?" అని ఆశగా అడిగేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాకే డెబ్బై దాటాయి. ముసురు పట్టిన రోజున పిట్టల కోసం గోడమీద నీళ్లు పెడుతూ, కావాలనే కాస్త లోతు గిన్నె పెడతాను. ఎవరూ తిట్టరు. నా పిచ్చికి నేనే నవ్వుకుని, తడిసిన కొంగు పిండుకుంటూ లోపలికి వస్తాను.